ముప్పై గ్రాముల కొసరు

నేను ఒక సీసం ముద్దను. అరిగిపోయిన సబ్బుబిళ్ళంత ఉంటాను. రంగు చెప్పుకోదగ్గది కాదు, అందం సంగతి అడగనే వద్దు. బంగారాన్ని చూస్తే మనుషుల కళ్ళు మెరుస్తాయి. ఇనుమును చూస్తే కనీసం ఒక పనిముట్టైనా గుర్తొస్తుంది. నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్ళు మాత్రం అందరూ ఒక్కటే మాట అంటారు: "అబ్బ, ఎంత బరువుందో!" అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు. ఇంతవరకు నా గురించి విన్న మంచి మాట అదొక్కటే కాబట్టి దానితోనే సర్దుకుపోయాను.

నాకు కళ్ళు లేవు. మనుషులను చేతులను బట్టి గుర్తుపడతాను, మాటలను బట్టి తెలుసుకుంటాను. కాబట్టి ఈ కథలో ఎవరు ఎలా ఉంటారని నన్ను అడక్కండి. ఎవరి చెయ్యి ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను.

మొదట ఏదో లారీ బ్యాటరీలో పలకగా ఉండేదాన్ని. ఆ రోజులు తలచుకోవడానికి ఏమీ లేదు. అంతా పులుపు, చీకటి. పాత సామాన్ల కొట్టు నుంచి నన్ను పెసింగి వీరబాబు అనే మనిషి తెచ్చుకున్నాడు. గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసేచోట మడ అడవి అంచున పెదమొగ అనే పల్లె ఉంది. ఆయనది అక్కడ చేపల వేట. నన్ను కరిగించి, చిన్న చిన్న గుళ్ళు చేసి, తన విసురువల అంచు చుట్టూ కట్టాడు. అప్పట్లో నేను ఒంటరిదాన్ని కాదు. నూట యాభై దాకా ఉండేవాళ్ళం. వల విసిరితే అందరం ఒకేసారి నీళ్ళలో పడేవాళ్ళం, ఒకేసారి అడుగుకు చేరేవాళ్ళం. లాగితే ఒకళ్ళకొకళ్ళం తగులుకుంటూ గలగలమంటూ పైకి వచ్చేవాళ్ళం. అదే నా జీవితంలో మంచికాలమని అప్పుడు తెలియలేదు.

వీరబాబు చేతి గురించి చెప్పాలి. బొబ్బలు కట్టి, ఎండి, మళ్ళీ కట్టిన చెయ్యి అది. ఆ చేతికి తూకం తెలుసు. రేవులో పండుగప్ప చేపనో కొయ్యింగనో కాటా మీద పెట్టేముందు జనం దాన్ని ఆయన చేతిలో పెట్టేవారు. ఆయన కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగి, "రెండూ ముప్పావు" అనేవాడు. కాటా కూడా అదే అనేది. కాటా వేరే మాట అన్నరోజున జనం కాటాను అనుమానించేవారు. వాటాలు పంచుకునేటప్పుడు తగువు వస్తే, "వీరబాబు చేతిలో పెట్టండ్రా" అనడంతో తగువు తీరిపోయేది. పైగా ఆయనకొక అలవాటుండేది. తూకం సరిపోయాక కూడా ఇంకో చిన్న చేపను కొసరు వెయ్యకపోతే ఆ చెయ్యి ఊరుకోదు. మనుషులలో ఇచ్చేటప్పుడు కొసరు వేసి, తీసుకునేటప్పుడు అడగనివాణ్ణి ఆయననొక్కణ్ణే ఎరుగుదును.

ఆయన కూతురు నూకరత్నం. ఎనిమిదేళ్ళప్పటి నుంచే తండ్రితో పడవలో తిరిగిన పిల్ల. ఎగువన ఆనకట్ట దగ్గర పడవ పందేలు నేర్పే క్లబ్బు ఒకటి ఉంది. దాన్ని నడిపే ఈశ్వరరావు మాస్టారు ఈ పిల్ల తెడ్డు వేసే తీరు చూసి, తీసుకెళ్ళి కయాక్‌లో కూర్చోబెట్టాడు. కయాక్ అంటే ఒక్క మనిషి పట్టే సన్నని పడవ, బల్లిలా నీళ్ళకు అంటుకుని పోతుంది. ఇరవై రెండో ఏట రత్నం దేశం జట్టుకు ఎంపికైంది. ప్రపంచ పోటీలకు వెళ్ళాలి. అక్కడ రెండువందల మీటర్ల పందెం.

అంతవరకు బాగానే ఉంది. ఆ పోటీల వాళ్ళకు ఒక నియమం ఉంది. ఒంటరి కయాక్ పన్నెండు కిలోలకు తగ్గకూడదు. తగ్గితే ఎంత వేగంగా వెళ్ళినా లెక్కలోకి రాదు. రత్నం పడవ ఒకసారి విరిగి, వెనకభాగం కొత్తగా వేయించడంతో మూడువందల నలభై గ్రాములు తక్కువైంది. మాస్టారు ఈ సంగతి చెప్పగానే వీరబాబు పగలబడి నవ్వాడు. పడవ తేలికగా ఉంటే సంతోషించక బరువు కట్టడమేమిటని ఆయన ఆశ్చర్యం. మర్నాడే తన వల అంచు విప్పి ముప్పై ఒక్క గుళ్ళు ఊడదీశాడు. బంకమట్టిలో అచ్చు తీసి ఆరబెట్టాడు. కొబ్బరిచిప్పల నిప్పుల మీద ఇనప గరిటెలో మమ్మల్ని కరిగించి ఆ అచ్చులో పోశాడు. ముప్పై ఒక్కరం ఒక్కటయ్యాం. నాకు ఒంటరితనం ఆ గంటలోనే మొదలైంది.

క్లబ్బులో మాస్టారు నన్ను కాటా మీద పెట్టి తన పుస్తకంలో రాసుకున్నాడు. మూడువందల డెబ్భై.

"ముప్పై గ్రాములు ఎక్కువొచ్చింది వీరబాబూ. చాకుతో కాస్త చెక్కేస్తే సరిపోతుంది."

"ఉండనియ్యండి మాస్టారూ, అది కొసరండి. ఆడపిల్ల ఎల్లేది ఊరుకాని ఊరు. ఆళ్ళ కాటా ఎలాంటిదో ఏటో. తూకం కాడ మా పిల్ల తల దించుకోకూడదండి."

మాస్టారు నవ్వి ఊరుకున్నాడు.

పడవ ఓడలో ముందే వెళ్ళిపోయింది. నేను రత్నం సంచిలో, ఉన్ని చొక్కా మడతల్లో వెళ్ళాను. విమానాశ్రయంలో నా వల్ల పెద్ద రభస అయింది. సంచిలోపల చూసే యంత్రానికి సీసం అడ్డుపడితే ఏమీ కనబడదట. నల్లటి ముద్ద, లోపల ఏముందో తెలియదు. నలుగురు చేరి సంచంతా తిరగేశారు. ఇదేమిటని హిందీలో అడిగారు, ఇంగ్లీషులో అడిగారు. పాపం పిల్ల నన్ను చేతిలోకి తీసుకుంది. "ఫాదర్," అంది. తర్వాత "నెట్," అంది. ఆ రెండు మాటలతో వాళ్ళకు ఏం అర్థమైందో గాని వదిలేశారు. నా పుట్టుపూర్వోత్తరాలు అంత క్లుప్తంగా, అంత సరిగ్గా ఇంకెవరూ చెప్పలేదు.

పోటీలు చలిదేశంలో. స్కేలు పెట్టి గీసి తవ్వినట్టున్న పొడవాటి చెరువు, అందులో తొమ్మిది దారులు. జట్టులో తెలుగు వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. మాస్టారికి రావడానికి వీలుపడలేదు. మేనేజరు హిందీలో గబగబా ఏదో చెప్పేవాడు, రత్నం సగం అర్థమై సగం కాక తలూపేది. మిగతా అమ్మాయిలు చెడ్డవాళ్ళేం కాదు. కాని వాళ్ళ నవ్వులు వాళ్ళకుండేవి, వాళ్ళ కబుర్లు వాళ్ళకుండేవి. రోజూ సాధన అయ్యాక ఈ పిల్ల పడవల షెడ్డులో ఒక్కతే కూర్చుని, నన్ను అంటించిన టేపు ఊడుతోందేమో చూసే నెపంతో సీటు కిందకి చెయ్యి పెట్టేది. పెట్టి, మాట్లాడేది.

"ఇయాల పప్పని పెట్టారు. అది పప్పు కాదు." ఇంకోరోజు, "పొద్దున్నుంచి నోరు విప్పలేదు. మాటలు మర్చిపోతానేమో." నేను జవాబు చెప్పలేను. అయినా ఆ చెయ్యి నా మీద చాలాసేపు ఉండేది. ఆ పదకొండు రోజుల్లో ఆమెకు తెలుగు తెలిసిన తోడు నేనొక్కదాన్నే. నాకైతే ఆ అచ్చులోంచి వచ్చాక ఆమె తప్ప ఎవరూ లేరు.

మొదటి తూకంలో పడవ పన్నెండు కిలోల ముప్పై గ్రాములు తూగింది. దాని మీద ఒక చీటీ అంటించారు. ఆ చీటీ అంటించాక పడవలో ఏది మార్చినా మళ్ళీ తూయించాలి. ఆ నియమం రత్నానికి తెలుసు. చుట్టుపక్కల పడవలన్నీ సరిగ్గా పన్నెండు తూగాయి. మేనేజరు నవ్వుతూ ఏదో అన్నాడు. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. ఆ మాటల్లో "అచార్" ఒక్కటే రత్నానికి తెలిసింది. ఊరగాయ జాడీ మోసుకొచ్చావా అని అయ్యుంటుంది.

తొలి పందెంలో రత్నం నాలుగో స్థానంలో వచ్చింది. మూడో అమ్మాయికి, ఈమెకు సెకనులో వందో వంతులు రెండే తేడా. అయినా సెమీస్‌కు చేరింది. అక్కడ మొదటి ముగ్గురిలో ఉంటేనే ఫైనల్. గెలవనివాళ్ళకు కారణం కావాలి కదా. ఆ కారణం సీటు కింద చేతికి అందేంత దూరంలో ఉంది. ముప్పై గ్రాములు.

సెమీస్ రోజు మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్ళిన వేళ, ఆమె ఒక్కతే షెడ్డుకు వచ్చింది. భోజనశాలలో ఆపిల్ పళ్ళు కోసుకోవడానికి పెట్టే చిన్న చాకు తెచ్చింది. టేపు విప్పి నన్ను బయటికి తీసింది. సీసం మెత్తని లోహం, చాకుకు తెగుతుంది. ఒక చెక్కు తీసి అరచేతిలో పెట్టుకుని, అచ్చం తండ్రిలాగే ఒక క్షణం ఆగింది.

"పది," అంది.

అది ఇరవై రెండు. నా బరువు నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? రెండో చెక్కు తీసి "ఇరవై" అంది. మూడోది తీసి "ముప్పై" అంది. మొత్తం అరవై ఎనిమిది గ్రాములు పోయాయి. నాకు నోరుంటే గోలపెట్టేదాన్ని. తూకం కాటా అక్కడికి యాభై అడుగుల దూరంలో ఉంది. కాని అక్కడ పెడితే ఎందుకు మార్చావని అడుగుతారు, జవాబు చెప్పడానికి భాష లేదు, పందేనికి గంట కూడా లేదు. అన్నిటికంటే, వాళ్ళింట్లో తూకానికి కాటా వెతుక్కునే అలవాటు లేదు. తండ్రి పోలికలు ముక్కుకు, కళ్ళకు వచ్చినట్టే చేతికి కూడా వచ్చాయనుకుంది. ఆ చెక్కులను చెరువులోకి విసిరేసింది. నన్ను మళ్ళీ అంటించి, టేపు మీద రెండుసార్లు తట్టింది. క్షమించమని తట్టినట్టు నాకనిపించింది, నిజమో కాదో.

ఆ రోజు ఆమె తెడ్డు వేసిన తీరు నాకు ఇంకా గుర్తు. నీళ్ళు పడవ అడుగున గీసుకుపోతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నలభై రెండు సెకన్లు. మూడో స్థానం! ఫైనల్! జట్టు అమ్మాయిలు ఒడ్డు నుంచి ఆమె పేరు పెట్టి కేకలు వేశారు. వాళ్ళు ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. నాలుగు నిమిషాలపాటు ఆమె ఎంత సంతోషంగా ఉందంటే, సీటు కిందున్న నాకు కూడా ఆ గుండె చప్పుడు వినిపించింది.

తర్వాత పడవను తనిఖీ డేరాకు తీసుకురమ్మన్నారు. తువ్వాళ్ళతో తుడిచారు. కాటా మీద పెట్టారు. దించి మళ్ళీ పెట్టారు. మూడోసారి కూడా పెట్టారు. పదకొండు కిలోల తొమ్మిదివందల అరవై. ఒక అధికారిణి సీటు కింద చెయ్యి పెట్టి నన్ను తడిమి చూసింది. టేపు గట్టిగానే ఉంది, నేను కదలడం లేదు. మొదట తూచినప్పుడు సీటు తడిగా ఉండి ఉంటుంది, ఇప్పుడు ఆరింది, ఇలా అవుతూనే ఉంటుందని మెత్తగా చెప్పింది. చెప్పి, పేరు కొట్టేసింది.

మేనేజరు మండిపడ్డాడు. ఇళ్ళలో గరిటెలతో పోసిన సీసం తెచ్చుకుంటే ఇలాగే ఉంటుందన్నాడు. ఆ ముక్క మాత్రం రత్నానికి పూర్తిగా అర్థమైంది.  కోసింది తనేనని చెప్పకుండానే ఆమె టేపు విప్పి నన్ను సంచిలో వేసుకుంది.

సాయంత్రం తండ్రి ఫోన్ చేశాడు. అప్పటికి నేను ఆమె ఒళ్ళో ఉన్నాను.

"తూకం తగ్గిందంటగా అమ్మా? నా సెయ్యి తప్పిందా?"

ఆమె నన్ను గట్టిగా పట్టుకుంది. "ఇక్కడ బాగా చలేస్తంది నాన్నా. మాట్లాడలేకపోతన్నాను," అంది.

పెదమొగకు ఆమె కంటే ముందే వార్త చేరింది. పేపర్లో నాలుగు లైన్లు వేశారట, తూకం తగ్గి ఫైనల్ పోగొట్టుకున్న మన జిల్లా అమ్మాయి అని. ఇక రేవు సంగతి చెప్పాలా? ఎవరూ ఎదురుగా అనలేదు. కాని చేపను వీరబాబు చేతిలో పెట్టేవాళ్ళు తగ్గిపోయారు. సరాసరి కాటా మీదే పెట్టుకునేవారు. ఆయన పట్టించుకోనట్టే ఉండేవాడు. నేను రత్నం పెట్టెలో అడుగున పడి ఉన్నాను కాబట్టి ఇదంతా ఆమె గొణుక్కునే మాటల్లోనే విన్నాను. రోజూ నన్ను తీసి చేతిలో పెట్టుకునేది.

"ఇయాల ఏం సేశాడో తెలుసా? పెరట్లో కూకుని గులకరాళ్ళు సేత్తో తూసుకుంటన్నాడు. ఒక్కోటీ సేత్తో తూయడం, కాటా మీద పెట్టి సూసుకోడం. నన్ను సూసి రాళ్ళు పారేశాడు."

ఊరు నమ్మకపోతే వీరబాబు ఓర్చుకునేవాడే. ఆయన చేతిని ఆయనే నమ్మడం మానేశాడు. ఇదంతా చేసింది మూడు చెక్కులు. అవి ఎక్కడో చలిదేశపు చెరువులో బురదలో పడి ఉన్నాయి.

నెల తిరిగాక ఒక గురువారం ఈశ్వరరావు మాస్టారు వచ్చాడు. గుమ్మంలోంచే ఆయన గొంతు ఖంగుమంది. "నేను స్వయంగా తూచానయ్యా! మూడువందల డెబ్భై. పుస్తకంలో రాసి ఉంది. తగ్గడానికి అదేమన్నా మంచుగడ్డా? అమ్మాయ్, ఆ ముద్ద ఉందా నీ దగ్గర?"

"ఉంది మాస్టారూ."

"ఆదివారం క్లబ్బు కాటా పట్టుకొస్తాను. రేవులో అందరి ముందూ తూచి చూపిస్తాను. వీరబాబు చెయ్యి తప్పలేదని తేలిపోవాలి. అందరి నోళ్ళూ మూతపడాలి."

పోయిందని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఆమె నోట రాలేదు. ఆదివారం నన్ను తూస్తే మూడువందల రెండు వస్తుంది, కోతలూ బయటపడతాయి. తండ్రి చేతికి పడ్డ మచ్చ పోతుంది. చీటీ అంటించాక దొంగచాటుగా బరువు కోసిన పిల్లగా ఆమె పేరు బయటపడుతుంది. ఏళ్ళ తరబడి పందేలకు రానివ్వరు. ఎప్పటికీ రానివ్వకపోవచ్చు కూడా. శుక్రవారమంతా ఆమె నన్ను చేతిలోంచి దించలేదు. ఆ చెమటకు నేను కూడా తడిసిపోయాను.

శనివారం పొద్దున్న తండ్రి వేటకు బయలుదేరుతుంటే తనూ వస్తానంది. నన్ను చున్నీ చెంగున కట్టుకుంది. పడవ పాయ మధ్యకు వచ్చాక ముడి విప్పి నన్ను ఆయన చేతిలో పెట్టింది. 

ఎన్ని నెలలైంది ఆ చెయ్యి తగిలి! అవే బొబ్బలు, అదే ఉప్పు. ఆయన కళ్ళు మూసుకున్నాడని నాకు తెలుసు, ఎందుకంటే చెయ్యి ఒక్క క్షణం కదలకుండా ఆగింది. మూడువందలు. ఆయనకు తెలిసిపోయింది. బొటనవేలు నెమ్మదిగా నా అంచు వెంట వెళ్ళి మొదటి కోతను పట్టుకుంది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. ఆ వేళ్ళలో ముందు కలిగినది కోపం కాదు. నెలరోజులుగా బిగుసుకున్నదేదో సడలింది. తన చెయ్యి తప్పలేదు! ఆ సంతోషం ఒక్క క్షణమే ఉంది. ఆ తర్వాత ఆయనకు కూతురు గుర్తొచ్చింది. పిడికిలి నా చుట్టూ మూసుకుంది.

"నాన్నా, కోసింది నేనే..."

"గాలెక్కువగా ఉందమ్మా. ఇనపళ్ళేదు."

"ఇనపడింది నాన్నా నీకు. రేపు నేనే సెప్పేత్తాను మాస్టారికి."

"మాస్టారికి నేను సెప్తాను. ముద్ద పాయలో పోయిందని సెప్తాను, రేవు నా తూకమే తగ్గిందనుకుంటది. నాకేటమ్మా, ఈ రేవులో నా పని ఎలాగూ అయిపోవచ్చింది. నీకింకా బోలెడు నీళ్ళున్నాయి."

ఆయన చెయ్యి పడవ అంచు దాటి బయటికి వచ్చింది. వేళ్ళు ఒక్కొక్కటిగా విడిపోయాయి.

"అరెరె, సెయ్యి జారిపోయిందమ్మా," అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆ చేతిలోంచి ఏదైనా జారడం నేనెరగను.

అక్కడ రెండు నిలువుల లోతు ఉంటుంది. సీసానికి మునగడం నేర్పనక్కర్లేదు. తిన్నగా వచ్చి మెత్తటి బురదలో కూరుకున్నాను. వెంటనే పైన నీళ్ళు పగిలిన చప్పుడైంది. రత్నం దూకింది. పెదమొగ పిల్ల, ఆమెకు ఈ నీళ్ళు కొత్త కాదు. బురదలో అటూ ఇటూ వెతికి, రెండో ప్రయత్నంలో నన్ను అందుకుంది. పిడికిలి బిగించింది. చాకు పట్టిన వేళ్ళే, ఆ కోతల మీదే వచ్చి ఆగాయి.

అలాగే ఉండిపోయింది. ఊపిరి ఉన్నంతసేపూ ఉండి ఉంటుంది. ఆ గుండె మళ్ళీ నాకు వినిపించింది, ఈసారి నీళ్ళలోంచి. నన్ను పైకి తీసుకెళ్తే రేవంతా వీరబాబు చేతికి దణ్ణం పెడుతుంది. వదిలేస్తే ఆమె పడవ పందేల్లో మిగులుతుంది. తండ్రి మాట నిలబడాలనుకుందో, తను నిలబడాలనుకుందో, ఆ రెండూ ఆమెకు వేరుగా కనబడ్డాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఇక్కడ నాకు ఆలోచించడం తప్ప వేరే పని లేదు. పలకరించేవాళ్ళు లేరు, ఎంత బరువుందో అని విసుక్కునేవాళ్ళు కూడా లేరు.

పిడికిలి తెరుచుకుంది. ఆమె నన్ను విసిరెయ్యలేదు, దొరికిన చోటే బురదలో మెల్లగా పెట్టింది. పెట్టి వెళ్ళిపోయింది. పైకి తేలాక, "దొరకలేదు నాన్నా," అని ఉంటుంది. ఆయన సరేనని తెడ్డు అందుకుని ఉంటాడు.